మోర్మను మతమును విడుచువారు: సాక్ష్యమును పరీక్షయు

పఠనభాగములు: అపొస్తలుల కార్యములు 17:10–15, లూకా 1:1–4, గలతీయులకు 1:6–12

ఒక గ్రంథము దేవునియొద్దనుండి వచ్చినదని మనకెట్లు తెలియును? మోర్మను మిషనరీని ఈ ప్రశ్న అడిగినయెడల అతడు తడబడడు. తాను ఆ గ్రంథమును చదివి ప్రార్థించితిననియు, అది సత్యమని పరిశుద్ధాత్మ తన హృదయములో తెలియజేసెననియు చెప్పును. ‘మీరును అట్లే ప్రార్థించి చూడుడి’ అని మనలను కూడ ఆహ్వానించును. మోర్మను గ్రంథముయొక్క కడపటి అధ్యాయము తన చదువరులకు ఉపదేశించు మార్గము ఇదియే. ఆ సమాజములో దీనికి ‘సాక్ష్యము’ అని పేరు. నెలకొకసారి ఉపవాసపు ఆదివారమున సభ్యులు, చిన్నబిడ్డలు సయితము, లేచి నిలువబడి ఈ సంఘము సత్యమైనదని తమకు తెలియునని చెప్పుదురు.

ఈ మాటను విని నవ్వకూడదు. మన తెలుగు సంఘములలో కూడ ‘నా హృదయములో అట్లు అనిపించినది, కాబట్టి ఇది దేవుని చిత్తము’ అను మాట తరచుగా వినబడుచున్నది. ఆత్మ మన ఆత్మతో సాక్ష్యమిచ్చునని రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయము బోధించుచున్నది గనుక మనము అంతరంగ సాక్ష్యమును త్రోసివేయువారము కాము. అయితే ఆ సాక్ష్యము ఒకవైపునను, కంటికి కనబడు ఆధారము మరియొకవైపునను నిలిచినప్పుడు మనుష్యుడు ఏమి చేయవలెను? మోర్మను మతమును విడిచినవారిలో అనేకులను కలవరపరచిన ప్రశ్న ఇది.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము అని తమ్మును పిలుచుకొను ఈ సమాజమువారు (మోర్మనులను పేరు వాడవద్దని 2018 నుండి వారి నాయకులు గట్టిగా కోరుచున్నారు) ప్రపంచమంతట కోటి డెబ్బది లక్షలకు మించిన సభ్యులు తమకు గలరని చెప్పుచున్నారు. భారతదేశములో వారి మొదటి ‘స్టేక్’, అనగా అనేక స్థానిక సంఘములు కూడిన మండలము, 2012లో హైదరాబాదునందే ఏర్పడెను. విశాఖపట్టణములోను రాజమండ్రిలోను వారి కూటములు గలవు. మోర్మను గ్రంథము తెలుగులో ముద్రితమై యున్నది. దానిని అంగీకరించిన తెలుగువారిలో పలువురు మన సంఘములలో బాప్తిస్మము పొంది, మన కీర్తనలు పాడుచు పెరిగినవారే. అట్టివారిలో ఎవరైనను తిరిగి మన గుమ్మమునొద్ద నిలిచినప్పుడు వారు ఏ భారమును మోసికొనివచ్చిరో మనము గ్రహించి యుండవలెను.

ఆ ప్రశ్నను స్పష్టముగా చూపు ఉదాహరణ ఐగుప్తు పపైరసు ప్రతుల చరిత్ర. 1835లో మైఖేల్ చాండ్లర్ అను ప్రదర్శకుడు నాలుగు ఐగుప్తు మమ్మీలను, వాటితోకూడ కొన్ని పపైరసు చుట్టలను ఒహాయో రాష్ట్రములోని కర్ట్‌లాండు గ్రామమునకు తెచ్చెను. ఆ సమాజ స్థాపకుడైన జోసెఫ్ స్మిత్ వాటిని చూచి, ఒక చుట్టలో అబ్రాహాము వ్రాతలును మరియొకదానిలో యోసేపు వ్రాతలును గలవని చెప్పెను. 2,400 డాలర్లకు ఆ సొత్తంతయు కొనబడెను. చిత్రలిపి రహస్యమును ఫ్రాన్సు దేశస్థుడైన షాంపోలియన్ 1822లో కనుగొనినను, ఆ విద్య అమెరికాలో నాటికి ఇంకను పాదుకొనలేదు. కాబట్టి స్మిత్ చెప్పిన అర్థము సరియో కాదో తేల్చగలవారు అక్కడ లేకపోయిరి. అబ్రాహాము గ్రంథము 1842లో నావూ పట్టణపు పత్రికలో ప్రకటింపబడెను. 1844లో స్మిత్ చెరసాలలో మూకచేత చంపబడెను. 1880లో ఆ గ్రంథము వారి లేఖనములలో చేర్చబడెను. మూల ప్రతులో, చేతులు మారి చికాగో నగరము చేరి, 1871నాటి మహాగ్నిలో కాలిపోయెనని అందరు తలంచిరి.

కాని అవి అన్నియు కాలలేదు. కొన్ని తునకలు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములో నుండెను. 1967 నవంబరులో మ్యూజియమువారు వాటిని ఆ సంఘమునకు అప్పగించిరి. సంఘమువారు వాటిని దాచిపెట్టక, కొద్ది వారములలోనే తమ పత్రికయందు ఛాయాచిత్రములు ప్రకటించిరి. ఇది వారికి గౌరవముగా చెప్పవలసిన సంగతి. ఐగుప్తు భాషాపండితులు 1968లో వాటిని చదివిరి. అబ్రాహాము గ్రంథములో ముద్రించిన మొదటి చిత్రమునకు మూలమైన చుట్ట, హోర్ అను ఐగుప్తు పూజారి శవముతో సమాధిలో ఉంచుటకై వ్రాసిన పరలోకయాత్రా పాఠమని తేలెను. అది అబ్రాహాము కాలమునకు వేయి సంవత్సరములకు పైగా తరువాతిది. అబ్రాహాము పేరు ఆ తునకలలో ఎక్కడను లేదు.

అనువాదపు పనిలో దినములు గడపినవాడు ఇక్కడ కొంత నిలువవలెను. అనువాదకుని గౌరవమంతయు మూలము బహిరంగముగా నుండుటలో గలదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అను లండను మిషనరీలు ఆనందరాయరు సహాయముతో సువార్తలను తెలుగు చేయ పూనుకొనిరి. ఆ యిద్దరు మిషనరీలును కొన్ని యేండ్లలోనే మృతినొందిరి. వారి ప్రయాసఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురములో అచ్చయ్యెను. అందలి తెలుగును తరువాతివారు దిద్దిరి. ఆ దిద్దినదానిని మరికొందరు దిద్దిరి. ఎవరును దానివలన విశ్వాసము కోల్పోలేదు. ఏలయనగా గ్రీకు ప్రతి అందరియెదుట నుండెను, దానిని నేర్చిన ఏ పండితుడైనను, అన్యుడైనను, వారి పనిని తూచగలిగెను. జోసెఫ్ స్మిత్ అనువాదములో ఈ తూనికకు తావు లేదు. మోర్మను గ్రంథమునకు మూలమని చెప్పిన బంగారు రేకులు దూతకు తిరిగి అప్పగింపబడెనట. వాటిని చూచితిమని పదునొకండుగురు సంతకములు చేసిరి గాని, అందలి భాషను చదివి సరిచూచినవాడు ఒక్కడును లేడు. పపైరసు ఒక్కటే పరీక్షకు దొరికెను.

సంఘము మౌనముగా నుండలేదు. 2014లో ప్రకటించిన అధికార వ్యాసములో, మిగిలిన తునకలమీది అక్షరములు అబ్రాహాము గ్రంథముతో సరిపోవని ఒప్పుకొనిరి. అసలైన భాగము నశించియుండవచ్చుననియు, లేక ఆ ప్రతులను చూచుట స్మిత్‌నకు ప్రత్యక్షత కలుగుటకు నిమిత్తమై యుండవచ్చుననియు వారి సమాధానము. స్మిత్ మోర్మను గ్రంథమును చెప్పి వ్రాయించునప్పుడు తరచుగా ఒక రాతిని టోపీలో నుంచి, దానిలో ముఖము పెట్టి చూచెననియు, అతనికి అనేకమంది భార్యలు ఉండిరనియు ఆ కాలపు ఇతర వ్యాసములు అంగీకరించెను. ఆయన రేకులయెదుట కూర్చుండి చదువుచున్నట్టు చిత్రములు చూచి పెరిగినవారికి ఇవి పిడుగులవలె తగిలెను. నింద తెచ్చినది చరిత్ర మాత్రమే కాదు, దానిని తమకు ముందుగా చెప్పలేదనునది కూడ అని విడిచినవారు చెప్పుదురు.

అయితే సందేహించినవారందరు విడిచిరని తలంచరాదు. థామస్ స్టూవర్ట్ ఫెర్గూసన్ అను న్యాయవాది మోర్మను గ్రంథములోని పట్టణములను మెక్సికో, మధ్య అమెరికా భూములలో త్రవ్వి చూపగలమను నమ్మికతో 1952లో ఒక పురావస్తు సంస్థను స్థాపించెను. సంఘము దానికి ధనసహాయము చేసెను. త్రవ్వకములు మంచి శాస్త్రీయ ఫలితముల నిచ్చినవి గాని, గ్రంథములో చెప్పిన గుఱ్ఱములు, గోధుమలు, ఇనుప ఖడ్గములు ఆ గ్రంథపు కాలమునకు చెందినవిగా దొరకలేదు. తరువాత పపైరసు సంగతి బయలుపడెను. జోసెఫ్ స్మిత్ ప్రవక్త అను నమ్మకము ఫెర్గూసన్ హృదయములో ఆరిపోయెను. అయినను 1983లో మరణించువరకు అతడు సభ్యుడుగానే నిలిచెను.

ఎందుకు నిలిచెను? మోర్మనుల ఇంటిని ఎరుగనివారు దీనిని వేషధారణ అని త్వరపడి అందురు. వారి బోధప్రకారము భార్యాభర్తలును బిడ్డలును దేవాలయములో నిత్యత్వమంతటికి ముద్రింపబడుదురు. ఒకడు విడిచినయెడల ఆ గొలుసులో ఒక కొక్కి తెగినట్లే తల్లి భావించును. దేవాలయ ప్రవేశపత్రము లేని తండ్రి, తన కుమార్తె అక్కడ వివాహమాడునప్పుడు లోపలికి పోజాలడు, వెలుపల వేచియుండును. సభ్యత్వమును రద్దు చేయుమని ఒక ఉత్తరము వ్రాసినయెడల పుస్తకములనుండి పేరు తీసివేయబడును. అది సులభమే. కాని ఆ ఉత్తరము వ్రాసిన దినమున స్నేహితులు, పొరుగువారు, కొన్నిచోట్ల జీవనోపాధి సయితము ప్రశ్నార్థకమగును. కులమును బంధువులను విడిచి క్రీస్తునొద్దకు వచ్చిన మన పితరుల సంగతి ఎరిగిన తెలుగు క్రైస్తవుడు ఈ వేదనను ఇతరులకంటె త్వరగా గ్రహింపవలెను.

ఇంకొక నష్టము గలదు. నా అభిప్రాయములో అన్నిటికంటె గొప్పది అదియే. అపొస్తలుల పిమ్మట సంఘమంతయు భ్రష్టమాయెననియు, 1830 వరకు భూమిమీద నిజమైన సంఘము లేకపోయెననియు మోర్మను బిడ్డకు చిన్ననాటనే నేర్పుదురు. పెద్దవాడై జోసెఫ్ స్మిత్‌ను నమ్మక పోయినను, ఈ మొదటి పాఠము అతని మనస్సునుండి తొలగిపోదు. ఇతర సంఘములన్నియు తప్పని నేర్చుకొనెను; తన సంఘమును తప్పని కనుగొనెను; ఇక ఏమి మిగిలెను? ఆత్మసాక్ష్యమని తాను ఎంచినది మోసపుచ్చెను గనుక ప్రార్థననే నమ్మలేడు. అనేకులు ఆ మతమును విడిచి ఏ మతమునకును రాకపోవుటకు ఇదియొక కారణము. అట్టివానికి మన సంఘపు గొప్పతనమును వర్ణించుటవలన ప్రయోజనము లేదు. అట్టి మాటలు అతడు తన బాల్యమంతయు వినియున్నాడు.

క్రీస్తునొద్దకు వచ్చినవారును గలరు. బ్రిగ్‌హామ్ యంగ్ వంశములో ఐదవ తరమునకు చెందిన సాండ్రా టానర్, ఆమె భర్త జెరాల్డ్, 1960 ప్రాంతమున సంఘమును విడిచి సువార్త విశ్వాసులై, సాల్ట్ లేక్ సిటీలోనే నివసించుచు మోర్మను చరిత్రపత్రములను దశాబ్దములతరబడి అచ్చువేసిరి. 1984లో స్మిత్‌నకు దూత గాక తెల్లని సాలమాండర్, అనగా బల్లివంటి ఒక ప్రాణి, కనబడెనని చెప్పు పాత ఉత్తరమొకటి దొరికెనని వార్త పుట్టెను. టానర్ దంపతుల వాదమునకు అంతకంటె పదునైన ఆయుధము దొరకదు. అయినను జెరాల్డ్ దానిని పరీక్షించి, 1834నాటి ఒక మోర్మను వ్యతిరేక గ్రంథముతో దానికి గల పోలికలను చూచి, అది కూటలేఖ కావచ్చునని బహిరంగముగా వ్రాసెను. పండితులు పలువురు నాటికి దానిని నమ్మియుండిరి. ఆ పత్రములను అమ్మిన మార్క్ హాఫ్‌మన్ తన మోసము బయటపడకుండుటకై 1985 అక్టోబరులో బాంబులతో ఇద్దరిని చంపెను. 1987లో నేరమొప్పుకొనెను. జెరాల్డ్ 2006లో మరణించెను. దేవుని పక్షమున అసత్యము పలుకుదురా అని యోబు తన స్నేహితులను అడిగిన ప్రశ్నకు (యోబు 13:7) ఆయన క్రియలో సమాధానమిచ్చెనని నేనెంచుచున్నాను. మోర్మనులను గూర్చి మన వేదికలమీద చెప్పబడు కొన్ని కథలను ఇదే త్రాసులో తూచిన బాగుండును.

త్రాసు మన బల్లమీదికి కూడ వచ్చును. విడిచివచ్చిన వ్యక్తి ‘మీ గ్రంథమును కూడ ఇట్లే పరీక్షింపవచ్చునా?’ అని తప్పక అడుగును. కోపపడక, పరీక్షింపుమనవలెను. మార్కు సువార్త కడపటి పండ్రెండు వచనములు రెండు అతిప్రాచీన ప్రతులలో లేవని మనమే చెప్పవలెను. తరువాత ఎవరో చెప్పగా అతడు వినుటకంటె అది మేలు. యెరూషలేము త్రవ్వి చూడదగిన పట్టణము, పిలాతు చరిత్రలోని అధిపతి. లూకా తాను ఎవరియొద్ద విచారించెనో తన పీఠికలోనే తెలుపుచున్నాడు. పౌలు పునరుత్థానమును చూచిన అయిదువందలమందిలో అనేకులు ఇంకను బ్రదికియున్నారని వ్రాయుటలో, పోయి అడుగవచ్చునను అర్థమున్నది. బెరయవారు అపొస్తలుని మాటనే లేఖనములతో సరిచూచిరి. అందుకు వారు ఘనులని పిలువబడిరి గాని అవిశ్వాసులని కాదు.

అట్టి వ్యక్తితో ఏ భాగము చదువవలెనని కాపరులు అడుగుదురు. త్రిత్వోపదేశముతో ఆరంభింపవద్దని నా సలహా. తండ్రికి మాంసాస్థులుగల శరీరమున్నదని నేర్చినవానికి ఆ పాఠము అవసరమే గాని, దానికి సమయము వచ్చును. ముందు గలతీ పత్రిక చదువుడి. మనుష్యుడు తనకు సాధ్యమైనదంతయు చేసిన పిమ్మట కృప కలుగునను బోధక్రింద అతడు పెరిగెను. దశమభాగము, ప్రవేశపత్రము కొరకైన విచారణ, ఇంటింటి సేవ, ఇవన్నియు నెరవేర్చి అలసిపోయి వచ్చియున్నాడు. అతనికి వెంటనే ఆదివారపు బడి తరగతి అప్పగించి ‘మా సంఘములో నీకు పని యున్నది’ అనుట దయ కాదు. కొంతకాలము వెనుకవరుసలో ఊరక కూర్చుండనిండి.

బాప్తిస్మమును గూర్చి ఒక మాట. మోర్మనులు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామములో ముంచుదురు గనుక అది చాలునా అను ప్రశ్న వచ్చును. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు సంఘము 2000లోను, రోమను కథోలిక సంఘము 2001లోను, ఆ నామములచేత వారు ఉద్దేశించు దేవుడు వేరు గనుక అది క్రైస్తవ బాప్తిస్మము కాదని నిర్ణయించెను. నేనును అట్లే తలంచుచున్నాను. కాని ఇందులో త్వర కూడదు. ఆ సమాజములో ఎనిమిదేండ్ల ప్రాయమున తన తండ్రిచేతనే నీళ్లలో దింపబడిన స్త్రీకి మరల బాప్తిస్మమనగా తండ్రి చేతిని విడిపించుకొనినట్లుండును. ఒక సంవత్సరము పట్టినను వేచియుండుడి. ఆమె సమ్మతించిన దినమున, తల్లిదండ్రులు ఇంకను ఆ సంఘములోనే యున్నయెడల, సంగతి ఇతరులవలన వారికి తెలియకమునుపే ఆమెయే స్వయముగా వెళ్లి చెప్పునట్లు కాపరి చూడవలెను. వారు ఆరాధనకు రాగోరినయెడల ముందువరుసలో చోటుంచుడి; ఆనాటి ప్రసంగములో జోసెఫ్ స్మిత్ పేరు ఎత్తవద్దు.