తేవాట్ ప్రయాణానికి సూళ్లూరుపేటలో సన్నాహాలు

గెన్షిన్ ఇంపాక్ట్ ఆటలో పుట్టినరోజు ఒక్కసారే రాయనిస్తారు. తప్పు తేదీ పడిందా, ఇక దిద్దడానికి వీల్లేదు. కథ మొదట్లో కనిపించే కవలల్లో అబ్బాయిగా ఆడతామా అమ్మాయిగా ఆడతామా అన్నదీ అంతే. ఏ సర్వర్‌లో అడుగుపెట్టామన్నది అన్నిటికంటే పెద్ద ముడి. పేరొక్కటే తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు. మా ఇంటి పిలకాయలు ఇంటర్ పరీక్షలు రాసొచ్చి ఈ ఆట మొదలుపెడతామన్నప్పుడు, డౌన్‌లోడ్ నొక్కకముందే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడింది అందుకే.

పాత్ర వేసి ఆడే ఆటలు ఒక పూటతో అయ్యేవి కావు. చైనాకు చెందిన మిహోయో సంస్థ దీన్ని 2020 సెప్టెంబరు 28న విడుదల చేసింది. అప్పట్నుంచి సుమారు ఆరు వారాలకోసారి కథ ముందుకు సాగుతూనే ఉంది. తేవాట్ అనే కల్పిత లోకంలో దేశం తర్వాత దేశం తిరగాలి, ఊళ్లో వాళ్లతో మాట్లాడాలి, తప్పిపోయిన తోబుట్టువును వెతకాలి. వారపత్రికలో సీరియల్ చదివే ఓపిక ఉన్నవాళ్లకే ఇది రుచిస్తుంది. ఆడటానికి రుసుం లేదు. డబ్బు సంగతి వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

మొదటి పని, సర్వర్ తేల్చుకోవడం. ఏషియా, అమెరికా, యూరప్‌లకు ఒక్కోటి, తైవాన్-హాంకాంగ్-మకావులకు కలిపి ఇంకోటి, మొత్తం నాలుగున్నాయి. "మనం ఏషియానే గదా మామా, అదే నొక్కేస్తే పోలా?" అని అడిగాడు చిన్నోడు. ఇంట్లో వాళ్లే, ఊళ్లో స్నేహితులే ఆడేటట్లయితే అది సరైన మాటే. కానీ మా పెద్దక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, ఈ ఆట వాళ్లకు పరిచయం చేసిందే వాడు. ఒక సర్వర్‌లో ఉన్నవాళ్లు ఇంకో సర్వర్‌లో ఉన్నవాళ్లను ఆటలో కలవలేరు. పోగేసుకున్నదేదీ అటునుంచి ఇటు మార్చుకోలేరు. పైగా నలుగురు కలిసి ఆడే సౌకర్యం ఆటలో మన స్థాయి, అంటే అడ్వెంచర్ ర్యాంక్, 16కి చేరాకే తెరుచుకుంటుంది. అక్కడిదాకా రోజుల తరబడి ఆడి, అన్న వేరే సర్వర్‌లో ఉన్నాడని అప్పుడు తెలిస్తే పిల్లల మనసు ఎంత చివుక్కుమంటుందో చెప్పక్కర్లేదు.

కాబట్టి వీడియో కాల్ చేసి అందరం మాట్లాడుకున్నాం. ఏషియా సర్వర్‌లో కొత్త రోజు మన గడియారం ప్రకారం రాత్రి ఒకటిన్నరకు మొదలవుతుంది, అమెరికా సర్వర్‌లో మధ్యాహ్నం రెండున్నరకు. ఒకే ఖాతాతో రెండు సర్వర్లలోనూ వేర్వేరుగా ఆడొచ్చు, అయితే రెండుచోట్లా అఆలనుంచి మొదలుపెట్టాలి. చివరికి ఇక్కడి నలుగురి కోసం డల్లాస్ అబ్బాయే ఏషియాకి వస్తానన్నాడు. వాడికి ఇంటర్నెట్ లైను కాస్త ఆలస్యమవుతుంది, సర్దుకుంటానన్నాడు. పిలకాయలు ఇలా ఒకరికోసం ఒకరు సర్దుకోవడం నాకు ఆట కంటే ఎక్కువ నచ్చింది.

తర్వాత లైను. మన ఊరు చెన్నైకి ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉండటం ఈ విషయంలో అదృష్టమే. సముద్రం అడుగున వేసిన కేబుళ్లు దేశంలోకి వచ్చే ముఖ్యమైన రేవుల్లో చెన్నై ఒకటి. అక్కడినుంచి సింగపూర్‌కి వెళ్లే ఐటుఐ కేబుల్ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. లెక్క వేస్తే సింగపూర్‌కి వెళ్లి రావడానికి 32 మిల్లీసెకన్లు చాలు. సర్వర్ ఇంకాస్త దూరంలో ఉన్నా, మధ్యలో మలుపులున్నా, ఆటకి అది ఇబ్బంది కాదు. ఇబ్బంది అంతా మన ఇంట్లోనే పుడుతుంది. బీరువా వెనక పెట్టిన వైఫై పెట్టె, రెండు గోడల అవతల ఫోను, అదే లైను మీద ముందు గదిలో సినిమా. పెట్టెను హాల్లో ఎత్తుగా పెట్టి, ఫోన్లను 5 గిగాహెర్ట్‌జ్ వైఫైకి కలపండి. కంప్యూటర్ ఉంటే తీగతోనే కలపండి.

డౌన్‌లోడ్‌కీ ఫైబర్ లైనే దిక్కు. ప్లే స్టోర్‌లో దిగేది కొసరు, అసలు సరుకు ఆట తెరిచాక దిగుతుంది. ఫోన్‌లో 30 జీబీ పైనే ఖాళీ ఉంచుకోవాలి. రోజుకు 2 జీబీ ఇచ్చే సిమ్‌తో అంత దించాలంటే రెండు వారాలు పడుతుంది. మాటల కోసం ఇంగ్లిష్, చైనీస్, జపనీస్, కొరియన్ ధ్వనులున్నాయి. ఒక్కటే దించుకుంటే బోలెడు చోటు మిగులుతుంది. తెలుగు లేదు, అక్షరాల్లోనూ లేదు. ఇంగ్లిష్‌లో చదువుకుంటూ పోవాల్సిందే. ఇంటర్ చదివే పిల్లలకు అది మేలే.

ఫోనుకు కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి, 6 ఉంటే మేలు. రోహిణి కార్తెలో మన ఊరి ఎండ సంగతి తెలిసిందే. ఫోను వేడెక్కితే దానంతటదే వేగం తగ్గించుకుంటుంది, బొమ్మ తడబడుతుంది. వెనక కవర్ తీసేసి ఆడండి. ఛార్జింగ్‌లో పెట్టి ఆడనివ్వకండి. గ్రాఫిక్స్ తక్కువలో, 30 ఫ్రేముల దగ్గర పెట్టుకుంటే మామూలు ఫోన్లు కూడా నిలకడగా నడుస్తాయి. ఇక కార్తీక మార్గశిరాల్లో వానలు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను మన తీరాన్ని ఎంత తడిపిందో మరిచిపోలేదు కదా. వైఫై పెట్టెకు చిన్న బ్యాటరీ బ్యాకప్ ఒకటి కొనుక్కుంటే కరెంటు పోయినా లైను కాసేపు నిలబడుతుంది. ఆటలో సాధించిందంతా సర్వర్‌లోనే దాచి ఉంటుంది కాబట్టి పోయేదేమీ లేదు, సగంలో ఆగిన పోరు మళ్లీ చేసుకోవాలంతే.

ఖాతా విషయంలో నాది ఒకటే పట్టు: ఎవరి ఈమెయిల్ వాళ్లదే. స్నేహితుడి మెయిల్‌తో తెరిచిన ఖాతా స్నేహితుడిదే అవుతుంది. పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడనిది పెట్టించాను, మెయిల్‌కి రెండంచెల తాళం వేయించాను. పద్దెనిమిది నిండని వాళ్ల తరఫున పెద్దలు దగ్గరుండి ఒప్పుకోవాలి. ఆటలో కలిసే కొత్తవాళ్లకు ఊరు, కాలేజీ, ఫోన్ నంబరు చెప్పకూడదని అప్పుడే చెప్పాలి.

ఇప్పుడు డబ్బు. ఈ ఆటలో కొత్త పాత్రలు లాటరీ పద్ధతిలో వస్తాయి. దాన్ని 'విష్' అంటారు. ఒక్కో విష్‌కి 160 ప్రిమోజెమ్స్ కావాలి; అవి ఆడి సంపాదించుకోవాలి, లేదా డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఐదు నక్షత్రాల పాత్ర తగిలే అవకాశం 0.6 శాతం, అంటే వెయ్యిలో ఆరు. పదిసార్లు తీసినా ఒక్కటైనా వచ్చే అవకాశం 6 శాతం లోపే. వరసగా 89 సార్లు రాకపోతే తొంభయ్యోసారి ఖాయంగా ఇస్తారు. తొంభైకి 14,400 ప్రిమోజెమ్స్. అప్పుడైనా మనం కోరిన పాత్రే వస్తుందన్న హామీ లేదు, సుమారు సగం అవకాశమే. తప్పితే రెండోసారి ఖాయం. రోజువారీ పనులు నాలుగూ పూర్తిచేస్తే వచ్చేది 60. వాటితోనే పోగేయాలంటే 14,400కి 240 రోజులు. కథ, అన్వేషణ, పండగ ఆటల్లో ఇంకా దొరుకుతాయి కాబట్టి అంతకాలం పట్టదు, కానీ ఓపిక తప్పదు. ఈ లెక్క పిలకాయల చేతే కాగితం మీద వేయించాను. కుర్రవాళ్లకు వద్దని చెప్పడం కంటే లెక్క చూపించడమే బాగా పనిచేస్తుంది.

2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల్ని. ఇక్కడ గెలుచుకునే రూపాయంటూ లేదు, పెట్టింది పెట్టినట్టే పోతుంది. అందుకని ఇంట్లోనే కట్టు వేసుకోవాలి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పిల్లల ఫోన్‌లో కార్డు వివరాలు, యూపీఐ ఉంచకండి. కొనాలనిపిస్తే నెలకింత అని ముందే అనుకుని, ఆ నెలకు అంతటితో సరి. ఆంబర్, కేయా, లీసా అనే పాత్రల్ని ఆట మొదట్లోనే ఊరికే ఇస్తుంది, వాళ్లతో కథ హాయిగా సాగుతుంది. ప్రిమోజెమ్స్ ఉచితమనే లింకులు, పెంచిన ఖాతా తక్కువకే అమ్ముతామనే సందేశాలు మోసాలే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వేళల సంగతి కూడా ముందే అనుకోవాలి. బహుమతులు తీసుకోవడానికి రెజిన్ అనే ఇంధనం ఉంటుంది. ఎనిమిది నిమిషాలకొకటి చొప్పున 200 నిండటానికి 26 గంటల 40 నిమిషాలు. అంటే రోజుకోసారి తీరిగ్గా ఆడేవాడికి నష్టమేమీ లేదు, రాత్రంతా మేలుకోవాల్సిన అవసరం అసలే లేదు. మా ఇంట్లో సాయంత్రం ఒక గంట అనుకున్నాం. చెన్నై లోకల్‌లో కాలేజీకి వెళ్లే అబ్బాయికి మాత్రం రైల్లో పోరాటాలు వద్దన్నాను. టవర్ మారినప్పుడల్లా లైను తెగుతుంది. రైల్లో కూర్చుని పాత్రల కథలు చదువుకోమన్నాను.

పెద్దలకు నా విన్నపం ఒకటి. మొదటి రోజు మొదటి గంట పిల్లల పక్కన కూర్చోండి. మాండ్‌స్టాట్ నగరం కనిపించగానే వాళ్లు ఏమంటారో వినండి, మీకు అర్థం కానిది వాళ్లనే అడగండి. రేపు ఆటలో ఏదైనా తేడా వస్తే వాళ్లు ముందు మీ దగ్గరికే వస్తారు.