జవాబు కాసేపు దాచిపెట్టండి

పుంగనూరు ఆవు ఎత్తెంత అని ఐదో తరగతిలో అడిగి చూడండి. పుస్తకంలో చదివిన ఒకరిద్దరు చెయ్యెత్తుతారు. మిగతావాళ్లు తల దించుకుంటారు. అదే పిల్లల్ని ఆ ఆవు ఉన్న ఇంటికి తీసుకెళ్లి, టేపు చేతికిచ్చే ముందు "మీ అంచనా చెప్పండి" అనండి. అందరికీ నోరు లేస్తుంది. నా నడుం దాకా అని ఒకడు, కాదు నా భుజం దాకా అని ఇంకొకడు. తీరా కొలిస్తే 70 నుంచి 90 సెంటీమీటర్ల మధ్య ఎక్కడో తేలుతుంది. ఇంటి దగ్గర రోజూ పశువుల్ని చూసుకునే పిల్లాడి అంచనా ఆ పూట మొదటి ర్యాంకు వాడికంటే దగ్గరగా ఉండొచ్చు. తనకూ తెలుసన్న నమ్మకం వాడికి అలా కలుగుతుంది. ఎన్ని ప్రసంగాలు వినిపించినా ఆ నమ్మకం రాదు.

ధైర్యమంటే స్టేజీ ఎక్కి గడగడా మాట్లాడటమేనని చాలామంది అమ్మానాన్నల అభిప్రాయం. నాకు మాత్రం వేరే ధైర్యం పెద్దదనిపిస్తుంది. తెలియని దాని మీద అంచనా వేయడం, అది తప్పితే నామోషీ పడకుండా దిద్దుకోవడం. చిన్నప్పుడు సైన్సును చేతులతో నేర్చుకున్న వాళ్లకు ఈ గుణం తేలిగ్గా అబ్బుతుంది. మరి మనమేం చేస్తున్నాం? ప్రశ్న అడిగిన మరుక్షణం జవాబు మనమే చెప్పేస్తున్నాం. పిల్లాడికి ఆలోచించే వ్యవధే లేదు.

దీనికి దారి చూపినవాళ్లు మన పక్కనే ఉన్నారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చొరవతో 1926లో మొదలైన రిషి వ్యాలీ పాఠశాల, చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం చిన్న చిన్న బడులు నడిపింది. ఒకే గది, వేర్వేరు తరగతుల పిల్లలు. ఆ ఇబ్బందిలోంచే పద్మనాభరావు, రమ దంపతులు కార్డుల పద్ధతిని తీర్చిదిద్దారు. నిచ్చెనలా గీసిన పటంలో తానెక్కడున్నదీ పిల్లాడే చూసుకుంటాడు, తన కార్డు తానే తెచ్చుకుంటాడు, తోటివాళ్లతో కూర్చుని చేస్తాడు. 'తర్వాత ఏం చేయాలి సార్?' అని వాడు ఎదురుచూడక్కర్లేదు. కర్ణాటక 'నలి-కలి' బోధన పద్ధతికీ, తమిళనాడు ప్రభుత్వ బడుల్లోని కార్యాచరణ చదువుకూ స్ఫూర్తి ఇక్కడిదే.

కుప్పం వైపు వెళ్తే అగస్త్య ఫౌండేషన్ ఉంది. బ్యాంకింగ్ ఉద్యోగం వదులుకుని వచ్చిన రాంజీ రాఘవన్ 1999లో దీన్ని స్థాపించారు. గుడివంక దగ్గర 172 ఎకరాల ప్రాంగణం. బీడుపడిన ఆ నేల ఇప్పుడు పచ్చగా ఉంది. వీళ్ల సైన్సు వ్యాన్లు తక్కువ ఖర్చుతో చేసిన నమూనాలు వేసుకుని సర్కారు బడుల ముంగిట్లోకే వెళ్తాయి. నన్ను బాగా ఆకట్టుకున్నది ఇంకొకటి. అక్కడ ప్రయోగం నేర్చుకున్న పిల్లలే మిగతా పిల్లలకు నేర్పుతారు. ఎదుటివాడికి చెప్పాల్సి వచ్చినప్పుడే తనకు ఎక్కడ సరిగా అర్థం కాలేదో పిల్లాడికి తెలుస్తుంది. సారు ఎదుట నోరు విప్పని అమ్మాయి తన ఈడు వాళ్ల ముందు ధారాళంగా మాట్లాడుతుంది.

'మాకు వ్యాను లేదు, ల్యాబు లేదు' అనకండి. మదనపల్లెలో టమోటాకు కరువా? మూడు పచ్చి టమోటాలు, బాగా ముగ్గిన ఒక అరటిపండు, కాగితం సంచులు తెప్పించండి. ఒక టమోటాను అరటిపండుతో కలిపి సంచిలో పెట్టి మూతి మడవండి. రెండోదాన్ని ఒంటరిగా సంచిలో పెట్టండి. మూడోది బల్ల మీద ఉంచండి. ఏది ముందు ఎర్రబడుతుందో ఒక్కొక్కరూ నోట్సులో రాసి పేరు పెట్టుకోవాలి. ఈ రాయించడం మాత్రం వదలొద్దు. రాయకపోతే చివర్లో 'నేనూ అదే అనుకున్నాను సార్' అని అందరూ అనేస్తారు. రోజూ ఉదయం రంగు చూసి రాసుకోవాలి. ముగ్గిన పండు నుంచి ఇథిలిన్ వాయువు వస్తుందనీ, కాయ పండేందుకు అదే తోడ్పడుతుందనీ మీరు చెప్పాల్సింది చిట్టచివర. అప్పటిదాకా ఓపిక పట్టాలి. పిల్లల కంటే టీచర్లకే ఇది కష్టం!

ఎక్స్‌కర్షన్ అంటే బస్సు, పులిహోర పొట్లాలు, గ్రూపు ఫొటో. అవి ఉండాల్సిందే. వాటితో పాటు ఒకే ఒక్క ప్రశ్న పట్టుకెళ్లండి. హార్సిలీ హిల్స్‌కు వెళ్తున్నారా? ఒక థర్మామీటరు వెంట ఉంచండి. కొండ కింద చెట్టునీడన ఒకసారి, పైన సుమారు 1,265 మీటర్ల ఎత్తులో చెట్టునీడన ఇంకోసారి చూడమనండి. మూడు నాలుగు డిగ్రీల తేడా కనిపించాలి. కనిపించకపోతే ఇంకా మంచిది. ఎండ తగిలిందా, మధ్యలో మబ్బు పట్టిందా, థర్మామీటరుకు తగినంత సమయం ఇవ్వలేదా అని పిల్లలే వాదించుకుంటారు. సర్దిచెప్పడానికి తొందరపడకండి.

తల్లిదండ్రులకు ఒక మాట. బడి నుంచి రాగానే మార్కులు అడిగే అలవాటు కొన్నాళ్లు పక్కన పెట్టి, 'ఈ రోజు ఏమనుకున్నావు, ఏమైంది?' అని అడగండి. అంచనా తప్పిందని చెబితే నవ్వకండి. అన్నతోనో చెల్లితోనో పోల్చకండి.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? ప్రతి బడిలోనూ జెండా కర్ర ఉంటుంది. ఆగస్టు 15 పండుగ అయ్యాక దాన్ని అక్కడే వదిలేయకుండా రోజూ మధ్యాహ్నం నీడ కొలిపించండి. మన ప్రాంతంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది సరిగ్గా 12 గంటలకు కాదు, ఆ రోజుల్లో 12.20 ప్రాంతంలో. కర్ర నిటారుగా ఉంటే ఆ వారంలో ఒకరోజు నీడ దాదాపు మాయమవుతుంది. అదీ అన్ని ఊళ్లలో ఒకే రోజున కాదు. సూర్యుడు దక్షిణానికి జరుగుతుంటాడు కనుక ముందు మదనపల్లెలో, తర్వాత పుంగనూరులో, ఆఖరున కుప్పంలో, రెండు మూడు రోజుల వ్యవధిలో. మూడూళ్ల టీచర్లు ముందే ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, పిల్లలతోనే పిల్లలకు ఫోన్ చేయించవచ్చు. ఏ ఊళ్లో ముందు మాయమవుతుందో అంచనా మాత్రం 14వ తేదీనే రాయించి పెట్టండి.