చిల్లర వెతికే మనవడికి

చిన్నా,

డల్లాస్‌లో బ్యాంకు నుంచి నికెల్ (ఐదు సెంట్ల) బిళ్ళల రోల్సు తెచ్చి, వీడియోలో బల్ల మీద పోసి చూపిస్తూ "యానాంలో కూడా ఇలా పాత బిళ్ళలు వెతకొచ్చా తాతయ్యా?" అని అడిగావు. బ్యాంకు చిల్లర సంచులు విప్పుతూ, కట్టుకుంటూ కిరాణా కొట్లో నా వయసు గడిచింది. ఫోన్లో చెబితే సగం నీకు వినపడదు, సగం నేనే మర్చిపోతాను. అందుకని రాస్తున్నాను.

1. ఒక బిళ్ళ సంచిలో ఇంకా ఎందుకు మిగిలి ఉందో ముందు ఆలోచించు.

మీ ఐదు సెంట్ల బిళ్ళ 1866 నుంచీ ఒకే పోత: ముప్పాతిక రాగి, పావు నికెల్. నడుమ రెండో ప్రపంచ యుద్ధంలో కొన్నేళ్ళు తప్ప మారలేదు. పాతదీ కొత్తదీ ఒకే లోహం కాబట్టి పాతవి ఏరి దాచుకోవాలన్న ఆశ జనానికి పెద్దగా పుట్టలేదు. నీ నలభై బిళ్ళల రోల్లో 1940ల నాటివి ఈ రోజుకీ తగులుతున్నాయంటే కారణం అదే. అదే పది సెంట్ల బిళ్ళ చూడు. 1965 నుంచి అందులో వెండి తీసేశారు. సంగతి తెలిసిన జనం వెండివన్నీ ఏరేశారు.

మన దగ్గర ఆ ఏరే పని సర్కారే చేసింది. విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జిల మేలి వెండి రూపాయిల్ని 1941, 43 మధ్య ఒకదాని తర్వాత ఒకటిగా చెల్లకుండా చేసి వెనక్కి లాగేసింది. తప్పించుకున్నవి పూజ పెట్టెల్లోకీ, కంసాలి మూసలోకీ పోయాయి. బ్యాంకు సంచిలో వెండి రూపాయి కోసం వెతికితే చేతికి మురికి తప్ప ఏమీ అంటదు.

2. యుద్ధం ఒక్కటే, రెండు దేశాలూ ఎదురెదురు పనులు చేశాయి.

నాకు ఎప్పటికీ విసుగు పుట్టని కథ ఇది. యుద్ధ సామగ్రికి నికెల్ కావాలని అమెరికా 1942 అక్టోబరు నుంచి తన ఐదు సెంట్ల బిళ్ళలో నికెల్ పూర్తిగా తీసేసింది. 56 వంతుల రాగి, 35 వంతుల వెండి, 9 వంతుల మాంగనీసు కలిపి పోసింది. 1945 దాకా అంతే. తేడా తెలియడానికి వెనకవైపు జెఫర్సన్ ఇంటి గుమ్మటం మీద పెద్ద అక్షరం కొట్టారు: పి, డి, ఎస్‌లలో ఏదో ఒకటి. రోల్ విప్పగానే తేదీలు చదువుతూ కూర్చోకు. బిళ్ళలన్నీ వెనక్కి తిప్పి గుమ్మటం పైన చూడు, పని త్వరగా తెములుతుంది. చేతులు మారి అరిగినవి కాస్త నల్లబడి ఉంటాయి. మాంగనీసు గుణం అది.

అదే కాలంలో ఇక్కడ వెండికి కరువొచ్చింది. రూపాయిలో నూటికి 91 పాళ్ళకు పైగా ఉన్న వెండిని 1940లో సగానికి దించారు. యుద్ధకాలంలో అమెరికా మనకి అప్పుగా ఇచ్చింది కూడా వెండే, 22 కోట్ల ఔన్సులకు పైగా. దాన్ని డబ్బుతో కాదు, వెండితోనే తీర్చాలి. అందుకే సగం వెండి బిళ్ళలు కూడా వెనక్కి వెళ్ళాయి, వాటిని కరిగించి శుద్ధి చేసి 1957కల్లా బాకీ తీర్చారు. వాటి స్థానంలో 1946లో పావలా, అర్ధరూపాయి, 1947లో రూపాయి అచ్చమైన నికెల్‌తో వచ్చాయి, వెనకవైపు పులి బొమ్మతో. అంటే, వాళ్ళు నికెల్ మిగుల్చుకోవడానికి వెండి వాడారు, మనం వెండి మిగుల్చుకోవడానికి నికెల్ వాడాం. పేరుకి నికెల్ అయిన మీ బిళ్ళలో ఆ లోహం పావు వంతే. మన పులి రూపాయి నిలువెల్లా అదే.

3. యానాం కదా అని ఫ్రెంచి బిళ్ళల కోసం ఆశపడకు.

వచ్చిన ప్రతి చుట్టమూ అడిగేది ఇదే. 1954 దాకా ఇక్కడ ఎగిరింది ఫ్రెంచి జెండా, బజార్లో తిరిగింది మాత్రం ఇంగ్లీషు రాజు బొమ్మ ఉన్న రూపాయి. లెక్కల్లో రూపాయికి ఎనిమిది ఫనాములు, ఫనాముకి ఇరవైనాలుగు కాసులు. తపాలా బిళ్ళల మీద కూడా అవే ఉండేవి. ఇండోచైనా బ్యాంకు కాగితం రూపాయిలు వేసింది. లిల్లీ పువ్వు ముద్ర ఉన్న పుదుచ్చేరి రాగి బిళ్ళలు అంతకు చాలా ముందటివి. అవి మట్టిలోనో మ్యూజియంలోనో ఉంటాయి, బ్యాంకులో ఉండవు.

4. అయస్కాంతం దగ్గర పెట్టుకో, కాని దాని మాట తిరగేసి వినడం నేర్చుకో.

అచ్చమైన నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. రాగి కలిసిన కప్రోనికెల్ అంటుకోదు, వెండీ అంటుకోదు. పాత డబ్బాలోని పెద్ద రూపాయిలు పోసి అయస్కాంతం పెడితే 1962 నుంచి 74 దాకా వచ్చిన పది గ్రాముల నికెల్ రూపాయిలు లేచొస్తాయి. 1964 నెహ్రూ రూపాయి, 1969 గాంధీ శతజయంతి రూపాయి కూడా వాటితోనే వస్తాయి. 1975 నుంచి వచ్చిన కప్రోనికెల్‌వి కిందే ఉంటాయి.

కొత్త సంచిలో లెక్క తలకిందులు. 1992 నుంచి రూపాయి స్టీలుతో వస్తోంది, స్టీలూ అంటుకుంటుంది. కాబట్టి అక్కడ అంటుకున్నవి పక్కకి తోసి, అంటుకోకుండా మిగిలిన తెల్లవి చూడు. మందపాటి పాత ఐదు రూపాయిలు, పదకొండు అంచుల రెండు రూపాయిలు, నెహ్రూ, ఇందిర బొమ్మలున్నవి దొరికేది అందులోనే. పచ్చవి వదిలెయ్. పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు గనక సంచిలో ఉండవు.

పుష్కరాలప్పుడు గోదావరి రేవుల్లో కుర్రాళ్ళు తాడుకి అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసరడం చూశావుగా? వాళ్ళకి వచ్చేవి చాలావరకు స్టీలు రూపాయిలే. మన పెద్దవాళ్ళు వేసిన కప్రోనికెల్, వెండి అడుగునే ఉండిపోతాయి.

5. సంచి ఎక్కణ్ణుంచి వచ్చిందో అడుగు.

రోజూ చేతులు మారే డబ్బులో పాతది నిలవదు. హుండీ చిల్లర వేరు. ముసలమ్మలు మొక్కు ముడుపులు విప్పి వేసినవి, చచ్చిపోయినవాళ్ళ పెట్టెలు ఖాళీ చేసి వేసినవి అందులో ఉంటాయి. గుళ్ళో హుండీ లెక్కపెట్టి బ్యాంకులో కట్టాక వచ్చే సంచులు నేను వదలను. క్యాషియరు బాబుని మర్యాదగా అడుగుతాను. కౌంటరు దగ్గర విప్పి కూర్చోను, నూరేసి బిళ్ళల పొట్లాలు ఇంటికి తెచ్చుకుంటాను. చూసినవి వాళ్ళ నెత్తిన మళ్ళీ వెయ్యకుండా చేపల బజారులో చిల్లర కావలసినవాళ్ళకి ఇచ్చేస్తాను.

6. చింతపండుతో తోమకు. మీ నాయనమ్మకి చెప్పీ చెప్పీ అలిసిపోయాను. తోమి తళతళలాడించిన పాత బిళ్ళకి విలువ సగం పోతుంది.

7. తూకం వెయ్యి, ఫోన్లు నమ్మకు.

రూపాయి వెండి బిళ్ళ సరిగ్గా తులం, 11.66 గ్రాములు. సంతలో విక్టోరియా అని అమ్మేవాటిలో చాలావరకు ఆ తూకానికి నిలబడవు. పాత బిళ్ళకి లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అని రిజర్వు బ్యాంకు పేరుతో ఫోన్లొస్తాయి. అలాంటి కొనుగోళ్ళతో తనకి సంబంధమే లేదని ఆ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. నికెల్ ధర పెరిగిందని కరిగించే ఆలోచన కూడా వద్దు. 2011 చట్టం ప్రకారం ఏడేళ్ళ దాకా జైలు.

8. సంవత్సరం కింద టంకశాల గుర్తు చూడు.

ఏమీ లేకపోతే కలకత్తా, వజ్రం ఆకారం ఉంటే బొంబాయి, నక్షత్రం ఉంటే మన హైదరాబాదు. హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదులో కట్టారు, 1997లో చర్లపల్లికి మారింది. నక్షత్రం బిళ్ళలు విడిగా పోగేస్తున్నాను. ఆ చిన్న గుర్తు నా కళ్ళకి ఆనడం లేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు డబ్బాలోవి నువ్వే ఏరిపెట్టాలి, భూతద్దం నాది తీసుకో.