రాయ్‌పూర్ దగ్గర కాదు, జగదల్‌పూర్

విదేశంలో జరిగే నాయకత్వ శిక్షణ కార్యక్రమంలో మొదటి రోజు ఎదురయ్యే మొదటి ప్రశ్న చాలా చిన్నది: మీదే ఊరు? మన ఇంజనీరింగ్ విద్యార్థి నీళ్లు నమిలేది సరిగ్గా అక్కడే. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ ప్రాంతపు జగదల్‌పూర్ కుర్రాడైతే ‘రాయ్‌పూర్ దగ్గర’ అంటాడు. ఆ దగ్గర ఎంతో తెలుసా? దాదాపు 300 కిలోమీటర్లు! కోంటాలోనో భోపాలపట్నంలోనో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టినవాడైతే ‘హైదరాబాద్ వైపు’ అని తప్పించుకుంటాడు. అడిగినవాడు తలాడించి పక్కవాళ్లతో మాటల్లో పడతాడు. ఊరి పేరు చెప్పడానికి సిగ్గెందుకు? సిగ్గుపడాలంటే, ఆ ఊరి గురించి నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకోకుండా విమానం ఎక్కినందుకు పడాలి.

ఇలాంటి అవకాశాలు ఎప్పటినుంచో ఉన్నాయి. జపాన్ ప్రభుత్వం 1988లో ‘షిప్ ఫర్ వరల్డ్ యూత్’ మొదలుపెట్టి రకరకాల దేశాల యువతను ఒకే ఓడ ఎక్కించింది. 1991లో పుట్టిన మెల్టన్ ఫౌండేషన్ బెంగళూరు బీఎంఎస్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులను చిలీ, జర్మనీ, చైనా, అమెరికా విద్యార్థులతో కలిపింది. పాలకొల్లు అమ్మాయి దంగేటి జాహ్నవి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదువుతూనే 2021లో అమెరికాలో ఇంటర్నేషనల్ ఎయిర్ అండ్ స్పేస్ ప్రోగ్రామ్ పూర్తిచేసింది. అక్కడ పలు దేశాల యువతీ యువకులున్న జట్టుకు ఆమే మిషన్ డైరెక్టర్. పాలకొల్లు నుంచి వెళ్లగలిగిన చోటికి జగదల్‌పూర్ నుంచి వెళ్లలేమా?

జట్టు నడపడం గురించి పరిశోధకులూ చాలానే చెప్పారు. గూగుల్ ‘ప్రాజెక్ట్ అరిస్టాటిల్’ పేరుతో తన జట్లనే పరిశీలించుకుంది. జట్టులో ఎంతమంది మేధావులున్నారన్న దానికన్నా, నవ్వుతారేమోనన్న భయం లేకుండా అందరూ నోరు విప్పగలుగుతున్నారా అన్నదే ముఖ్యమని తేలింది. హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1999లోనే దాదాపు ఇదే మాట అన్నారు. సరే, ఎవరో ఒకరు ముందు నోరు విప్పాలి కదా! ఆ ఒకరు బస్తర్ విద్యార్థి ఎందుకు కాకూడదు?

దానికి ఒకే ఒక్క అలవాటు చాలు. రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు సొంత ఊరి గురించి బిగ్గరగా మాట్లాడాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు. గొంతు బయటికి రావాలి. నియమాలు నాలుగే: ఒక విషయం, ఒక అంకె, ఒక కారణం, చివర్లో ఎదుటివాళ్లకో ప్రశ్న. ఈ వ్యాసకర్త గొంతు పదిమంది ముందు ఇప్పటికీ మొదటి నిమిషం వణుకుతూనే ఉంటుంది. రెండో నిమిషానికి అది దారిలో పడుతోందంటే ఈ అలవాటు పుణ్యమే.

బైలడిల్లా ఇనుప ఖనిజాన్నే తీసుకోండి. ‘మా దగ్గర ఐరన్ ఓర్ చాలా ఫేమస్’ అని ఊరుకుంటే వినేవాడికి ఆవలింత వస్తుంది. ఇలా చెప్పి చూడండి: ‘మా కొండల్లోని ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడానికి 1960లలో తూర్పు కనుమల్లో సొరంగాలు తొలిచి కొత్తవలస నుంచి కిరందుల్ దాకా రైలు మార్గం వేశారు. ఖనిజం అరకు మీదుగా విశాఖ రేవుకు, అక్కణ్నుంచి ఓడల్లో జపాన్‌కు వెళ్లింది. మా జగదల్‌పూర్ పక్కన నగర్నార్‌లో పెద్ద ఉక్కు ప్లాంటు ఉత్పత్తి మొదలుపెట్టడానికి మాత్రం 2023 దాకా పట్టింది. దాని సామర్థ్యం ఏటా 30 లక్షల టన్నులు. మీ ప్రాంతంలో ముడిసరుకు ఎవరు తవ్వుతారు, లాభం ఎవరికి చేరుతుంది?’ ఎదురుగా చిలీ విద్యార్థి ఉంటే తమ రాగి గనుల కథ ఎత్తుకుంటాడు. జపాన్ అమ్మాయి ఉంటే కుర్చీ దగ్గరికి జరుపుకుంటుంది. జట్టు కట్టడం అప్పుడే మొదలైపోయింది.

మర్నాటి ఐదు నిమిషాలకు బస్తర్ దసరా. అది 75 రోజుల పండగ, అందులో రావణ దహనం లేదు, ఉత్సవమంతా దంతేశ్వరి అమ్మవారిదే. రథం చేసేది ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ వడ్రంగులు. పెద్ద రథం లాగే హక్కు కిలేపాల్ మాడియా గిరిజనులది. ఏ పని ఏ ఊరిదో తరతరాలుగా అందరికీ తెలుసు. ఉత్సవం ముగిసే వేళ మురియా దర్బార్ అనే సభలో మాంఝీలు, అంటే గిరిజన పెద్దలు, తమ ఊళ్ల కష్టాలు పాలకుల ముందు పెడతారు. పని పంచడం, జవాబు అడగడం మేనేజ్‌మెంట్ తరగతిలో స్లైడ్లు వేసి నేర్పుతారు. బస్తర్ పిల్లలు వాటిని పండగలో చూస్తూనే పెరుగుతారు. అయినా ‘మా దగ్గర చెప్పడానికేముంది’ అంటారు! ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

మిగతా సలహాలు గబగబా. పాస్‌పోర్ట్ ఇప్పుడే తీసుకోవాలి, ఎంపికయ్యాక పరుగెత్తితే కుదరదు. నిర్వాహకులెవరు, ఖర్చు ఎవరిది అన్నది ముందే ఆరా తీయాలి. దరఖాస్తు పెట్టిన వెంటనే అభినందనలు చెప్పి ఫీజు అడిగే ‘సమ్మిట్’ అయితే పదిసార్లు ఆలోచించాలి. ఇంగ్లిష్ యాస గురించి బెంగ వద్దు, నిదానంగా మాట్లాడితే చాలు. భోజనాల దగ్గర మనవాళ్లంతా ఒకే బల్ల చుట్టూ చేరకూడదు. కొత్త పేర్లు ఏ రోజువి ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

ఈలోగా ఎంపిక లేఖ కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. జగదల్‌పూర్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్‌లోనే సర్గుజా నుంచో కోర్బా నుంచో వచ్చిన రూమ్మేట్ దొరుకుతాడు. చిత్రకోట్ జలపాతం గురించి అతనికి ఐదు నిమిషాలు చెప్పి చూడాలి. అతను ఫోన్ పక్కన పెట్టి ఎదురు ప్రశ్న వేస్తే అభ్యాసం పనిచేస్తున్నట్టే. వేయకపోతే మరో అంకె, మరో కారణం వెతుక్కుని రేపు మళ్లీ అతని ముందే చెప్పాలి.