వీథి దాటుటకు వలయు కాలము

విద్యార్థులారా! గణితమేల నేర్వవలయునని మీరు మమ్ము తఱచుగా నడుగుదురు. బాపట్లనుండియు రేపల్లెనుండియు రైలులో తెనాలికి వచ్చువారు రద్దీగల వీథిని దాటునపుడు దీనికి సమాధానము దొరకును.

దీపసంకేతములుగల కూడలిలో, నడచువారికి పచ్చదీపము వెలిగినది మొదలు బండ్లు కదలువఱకు ఎంత వ్యవధి యుండవలయును? వీథి వెడల్పు 14 మీటర్లనుకొందము. మనుష్యుడు సెకనునకు 1.2 మీటర్లు నడచునని ఇంజనీర్లు సామాన్యముగా లెక్కింతురు. భాగింపగా సుమారు 12 సెకనులు. దీపమును గమనించి అడుగిడుటకు 7 సెకనులు చేర్పగా మొత్తము 19.

లెక్క సరియైనదే, కాని చేతికఱ్ఱతో నడచు అవ్వ సంగతి యేమి? ఆమె నడక సెకనునకు 0.8 మీటరే యైనచో, 12 సెకనులలో 9.6 మీటర్లు మాత్రమే నడచును. బండ్లు కదలునప్పటి కింకను 4.4 మీటర్లు మిగిలియుండును. ప్రాణాపాయ మంతయు ఆ 4.4 మీటర్లలోనే కలదు!

ఆమె క్షేమముగా దాటుటకు ఇరువదినాలుగున్నర సెకనులు వలయును. బండ్లవా రధికముగా నాగవలసినది ఐదున్నర సెకనులే. ఇట్టి హేతువుచేతనే అమెరికా దేశమున 2009వ సంవత్సరపు నియమావళిలో ఈ వేగమును సుమారు 1.07 మీటర్లకు తగ్గించిరి.

కావున సగటు లెక్కతో తృప్తిపడరాదు. మందగాముల నడకనే కొలతగా గైకొనవలయును. మీ యింటి పెద్దల నడకను పెరటిలో గడియారముతో కొలిచి, మీ యూరి వీథికి ఈ లెక్కను మరల చేయుడు. వీథిలో వారి చేయి విడువకుడు.