108 వెనుక అసలు లెక్క: నక్షత్రాలు, రాశులు కలిసే చోటు



ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అష్టోత్తరం గురించి చేసిన వీడియోలో, భూమికీ సూర్యుడికీ మధ్య దూరం సూర్యుడి వ్యాసానికి "కచ్చితంగా" 108 రెట్లు అన్నాను. తర్వాత కూర్చుని లెక్క వేశాను. సగటు దూరం సుమారు 14.96 కోట్ల కిలోమీటర్లు. వ్యాసం సుమారు 13.92 లక్షల కిలోమీటర్లు. భాగిస్తే వచ్చింది 107.5. పైగా ఈ దూరం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. జనవరిలో ఆ లెక్క 106 దగ్గరికి తగ్గుతుంది, జూలైలో 109 దాటుతుంది. చంద్రుడికైతే సగటున 110కి పైనే. దగ్గర దగ్గరగా ఉన్నాయి, అంతే!

మరి 108లో ప్రత్యేకత ఏమీ లేదా? ఉంది. దానికి టెలిస్కోపు అక్కర్లేదు, ఇంట్లో పంచాంగం చాలు.

మన జ్యోతిషం ఆకాశ చక్రాన్ని రెండు రకాలుగా పంచుతుంది: 27 నక్షత్రాలు, 12 రాశులు. ఇప్పుడు 27ని 12 మందికి సమానంగా పంచండి చూద్దాం. ఒక్కొక్కరికి రెండుంపావు వస్తుంది. అంటే నక్షత్రాన్ని నాలుగు ముక్కలు చేస్తే తప్ప కుదరదు. ఆ పావు ముక్కే "పాదం".

నక్షత్రాల వైపు నుంచి: 27 × 4 = 108 పాదాలు.
రాశుల వైపు నుంచి: 12 × 9 = 108 పాదాలు.

అశ్విని నాలుగు, భరణి నాలుగు, కృత్తిక మొదటి పాదం కలిస్తే తొమ్మిది. అదే మేషం. కృత్తికలో మిగతా మూడు పాదాలూ వృషభంలోకి వెళ్తాయి. జాతకం చూసేవాళ్లు "కృత్తిక సరే, ఎన్నో పాదం?" అని అడిగేది అందుకే.

స్కూల్లో క.సా.గు. నేర్చుకున్నాం కదా, గుర్తుందా? 27 అంటే 3×3×3. 12 అంటే 2×2×3. వీటి క.సా.గు. 2×2×3×3×3, అంటే 108. ఈ రెండింటితోనూ శేషం లేకుండా భాగించగలిగే అతి చిన్న సంఖ్య ఇదే. 100తో ఈ పని జరగదు. వృత్తంలోని 360 డిగ్రీలను 108తో భాగిస్తే ఒక్కో పాదానికి 3 డిగ్రీల 20 నిమిషాలు.

ఇంకో అందం చూడండి. ఒక 1, రెండు 2లు, మూడు 3లు గుణిస్తే 108. అందుకే దీనికి 12 భాజకాలున్నాయి. జపానికి ఇది ఎంత సౌకర్యమో! 54 పూసల మాలతో రెండుసార్లు, 27 పూసల మాలతో నాలుగుసార్లు తిప్పితే చాలు. మెట్రోలో మాల తీయడానికి మొహమాటమా? బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు లెక్కపెట్టండి, 12 అవుతాయి. తొమ్మిది సార్లు చేస్తే 108.

ఒక జాగ్రత్త. "1+0+8=9, ఇది 108 మహిమ" అని ఫార్వర్డ్ వస్తే కాస్త ఆగండి. 18, 27, 36... వీటికీ మొత్తం తొమ్మిదే. అది తొమ్మిదో ఎక్కం గుణం.

ఎవరైనా ఒక తప్పు లెక్క పట్టుకుంటే, మనం చెప్పే మంచి మాటల్నీ నమ్మరు. మన శ్రద్ధకి తప్పు లెక్కల ఆసరా అవసరం లేదు. ఈసారి మాల పట్టుకున్నప్పుడు ఒక్కో పూసనీ ఒక్కో నక్షత్ర పాదం అనుకుని చూడండి. మేరుపూస దగ్గరికి వచ్చేసరికి ఆకాశం మొత్తం ఒక చుట్టు తిరిగొచ్చినట్టే.

శుభం!