నాచు పెంచేవాళ్లు కావలెను

మెడికల్ షాపులో స్పిరులినా అనే నాచు పొడి సీసా తీసి చూస్తే ముందుగా కనిపించేది ప్రొటీన్ గొప్పే. వంద గ్రాముల ఎండు పొడిలో 55 నుంచి 70 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుందన్నది అబద్ధం కాదు. కందిపప్పులో ఉండేది 22 గ్రాములే మరి. అయితే స్పిరులినాని ఎవరూ వంద గ్రాములు తినరు. రోజుకు అయిదు గ్రాములు వేసుకుంటే గొప్ప. దాంతో ఒంట్లోకి వెళ్లే ప్రొటీన్ మూడు గ్రాములు. అంతకు రెట్టింపు ఒక్క కోడిగుడ్డులో దొరుకుతుంది, అదీ చవగ్గా. ఐరన్ సంగతీ అంతే. వంద గ్రాములకు 28 మిల్లీగ్రాములంటే ఘనంగా ఉంటుంది కానీ అయిదు గ్రాములకు ఒకటిన్నర కూడా రాదు. ఐసీఎంఆర్ 2020 సిఫార్సుల ప్రకారం ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు.

నాచు పెంపకం రంగంలోకి రావాలనుకునే విద్యార్థి ముందు చేయవలసింది ఈ మోతాదు లెక్కే. పప్పు మానేసి ప్రొటీన్ కోసం నాచు తినే రోజు ఇప్పట్లో వచ్చేలా లేదు. డబ్బు తిరుగుతున్నదీ, కాబట్టి ఉద్యోగాలున్నదీ, చిటికెడు మోతాదులోనే పనిచేసే పదార్థాల దగ్గర.

డునాలియెల్లా సలైనా అనే సూక్ష్మశైవలం (కంటికి ఆనని నాచు) మామూలు మొక్కలు బతకలేనంత ఉప్పు నీళ్లలో పెరుగుతుంది. ఎండా ఉప్పూ మితిమీరితే తనను కాపాడుకోవడానికి బీటా కెరొటిన్ పోగేసుకుంటుంది. ఎండు బరువులో పదో వంతు దాకా అదే ఉంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని హట్ లగూన్ దగ్గర దీన్ని పెద్ద ఎత్తున సాగుచేస్తున్నారు. హెమటోకోకస్ అనే మరో శైవలానిది ఇంకో దారి. ముందు బాగా మేపి పచ్చగా పెంచుతారు. తర్వాత పోషకాలు ఆపేసి వెలుతురు పెంచితే ఎర్రబడి ఆస్టాజాంతిన్ తయారుచేస్తుంది. సాల్మన్ చేపకూ రొయ్యకూ ఆ ఎరుపు వచ్చేది ఈ పదార్థంతోనే. స్పిరులినాలో ఫైకోసయనిన్ అనే నీలి రంగు ఉంది. తిండిలో కలపదగ్గ సహజమైన నీలం దొరకడం చాలా అరుదు. అమెరికాలో ఎఫ్‌డీఏ 2013లో స్పిరులినా రంగును మిఠాయిల్లో, చూయింగ్ గమ్‌లో వాడనిచ్చింది. చిక్కల్లా ఒకటే, వేడి తగిలితే ఆ నీలం వెలిసిపోతుంది. దాన్ని నిలబెట్టే ఉపాయం చెప్పగలిగిన ఫుడ్ టెక్నాలజిస్టుకు బేరమాడే హక్కు ఉంటుంది.

పసిపిల్లల పాలపొడి డబ్బాల మీద డీహెచ్ఏ అని రాసి ఉండటం చూసే ఉంటారు. చేపల్లో ఉండే ఈ ఒమేగా-3 చాలావరకు చేప సొంతంగా చేసుకున్నది కాదు, అది తిన్న తిండి ద్వారా సూక్ష్మశైవలాల నుంచి వచ్చిందే. ఇప్పుడు మధ్యలో చేపను తప్పించి షైజోకైట్రియం అనే జీవి నుంచి నేరుగా నూనె తీస్తున్నారు. దీనికి చెరువూ అక్కర్లేదు, ఎండా అక్కర్లేదు. స్టీలు ఫెర్మెంటర్‌లో చక్కెర పోసి చీకట్లోనే పెంచుతారు. (ఇది అసలు శైవలమేనా అని శాస్త్రవేత్తలు తగాదా పడుతుంటారు. ఆ మాటకొస్తే స్పిరులినా కూడా బ్యాక్టీరియానే. మార్కెట్‌కు ఈ గొడవ పట్టదు.) బయోటెక్నాలజీ చదివి హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల ఫెర్మెంటేషన్ విభాగాల్లో చేస్తున్నవాళ్లు ఇటు మారడం పెద్ద కష్టం కాదు.

ఇవన్నీ అలా ఉంచి, మన తీరంలో రోజూ నాచు పెంచి జీతం తీసుకుంటున్నవాళ్ల దగ్గరికి వద్దాం. వాళ్లున్నది రొయ్యల హేచరీల్లో. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమిలి నుంచి నెల్లూరు దాకా ఉన్న హేచరీల్లో ఆల్గే సెక్షన్ లేకుండా పని నడవదు. గుడ్డులోంచి వచ్చిన నాప్లి (రొయ్య తొలి దశ పిల్ల) తనలోని సొన అయ్యేదాకా ఏమీ తినదు. తర్వాతి జోయియా దశకు రాగానే నోరు తెరుస్తుంది. ఆ సమయానికి ట్యాంకులో కీటోసెరాస్ అనే నాచు సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఆ బ్యాచ్ మొత్తం దెబ్బతింటుంది.

ఆల్గే సెక్షన్ అంటే ముందుగా ఒక ఏసీ గది, గోడవారన ట్యూబ్‌లైట్లు బిగించిన అరలు. స్టాక్ టెస్ట్‌ట్యూబుల్లో ఉంటుంది. అక్కడి నుంచి ఫ్లాస్కులకు, తర్వాత 20 లీటర్ల కార్బాయ్‌లకు, చివరికి బయట టన్నుల ట్యాంకులకు పెంచుకుంటూ పోతారు. కీటోసెరాస్ డయాటమ్ జాతిది, పెంకును సిలికాతో కట్టుకుంటుంది. అందుకని నైట్రేట్, ఫాస్ఫేట్‌తో పాటు సిలికేట్ కూడా వేయాలి. కల్చర్ బాగుంటే బంగారు గోధుమ రంగులో ఉంటుంది. తెల్లారి చూసేసరికి రంగు పలచబడి, కణాలు ముద్దలై అడుగుకు దిగితే క్రాష్ అయినట్టే. మళ్లీ ఫ్లాస్కు దగ్గర నుంచి మొదలుపెట్టాలి. టెక్నీషియన్ ఒక చుక్క తీసి హీమోసైటోమీటర్ మీద వేసి, మైక్రోస్కోపులో గళ్లలోని కణాలు లెక్కపెడతాడు. మిల్లీలీటరుకు 20 లక్షలు తేలాయనుకుందాం. 10 టన్నుల లార్వా ట్యాంకులో మిల్లీలీటరుకు లక్ష ఉంచాలి. ఎంత పోయాలి? దాదాపు 500 లీటర్లు. ఈ లెక్క నోటితో చెప్పలేని ఎమ్మెస్సీ కంటే చెప్పగలిగిన ఇంటర్ కుర్రాడే హేచరీ మేనేజరుకు నచ్చుతాడు.

చేయి ఇక్కడ తిరిగితే స్పిరులినా ప్లాంటులో పని సులువే అనిపిస్తుంది. తినే సోడా బాగా కలిపి పీహెచ్ పదికి అటూ ఇటూ ఉంచితే చాలా క్రిములు ఆ నీళ్లలో బతకలేవు. ప్యాడిల్ వీల్‌తో నీళ్లు కదుపుతూ, గుడ్డలో వడగట్టి, సేమియాలా ఒత్తి ఎండబెడతారు. తమిళనాడులోని ఊనయూరులో ప్యారీ సంస్థ ఈ సాగే చేస్తోంది. మైసూరు ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో స్పిరులినా మీద పరిశోధన దశాబ్దాల నాటిది. తిరుచిరాపల్లి భారతీదాసన్ యూనివర్సిటీలో స్పిరులినా కోవకే చెందిన సముద్రపు సయనోబ్యాక్టీరియాకు ప్రత్యేకంగా జాతీయ కేంద్రమే ఉంది. ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు ఇలాంటి చోట్లు గుర్తుపెట్టుకోండి.

చదువు విషయానికొస్తే, బైపీసీ వాళ్లకు ఎప్‌సెట్ ద్వారా ఫిషరీస్ డిగ్రీ బీఎఫ్ఎస్సీ ఉంది. ముత్తుకూరులో, పెబ్బేరులో కాలేజీలున్నాయి. డిగ్రీలో బోటనీ, మైక్రోబయాలజీ చేసినవాళ్లూ రావచ్చు. పీజీలో బయోటెక్నాలజీకి గ్యాట్-బీ ప్రవేశ పరీక్ష ఒక దారి. సీఎఫ్‌టీఆర్‌ఐలో ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్‌లో అప్లైడ్ న్యూట్రిషన్ ఉన్నాయి.

కెమిస్ట్రీ వాళ్లు ఇది తమ రంగం కాదనుకుంటారు. నన్నడిగితే రాబోయే రోజుల్లో ఎక్కువ గిరాకీ వాళ్లకే. బీ12నే తీసుకోండి. శాకాహారులకు స్పిరులినాయే దిక్కని ప్రచారం జోరుగా ఉంది. అందులో ఉన్నది ఎక్కువగా మన ఒంటికి పనికిరాని నకిలీ బీ12. బ్యాక్టీరియాతో కొలిచే పాత పద్ధతి అసలునూ నకిలీనీ కలిపి చూపించేస్తుంది. విడదీసి చెప్పాలంటే ఎల్‌సీ-ఎంఎస్ పరికరం మీద పని తెలిసినవాళ్లు కావాలి. క్లోరెల్లా అనే నాచుకు కణకవచం మందం, దాన్ని పగలగొట్టకపోతే లోపలి పోషకాలు సరిగా అరగవు. కవచం ఎంతవరకు పగిలిందో తేల్చేదీ ల్యాబే. చెరువు నీళ్ల నుంచి సీసం, ఆర్సెనిక్ చేరాయా, వేరే నాచు కలిసి మైక్రోసిస్టిన్ విషం వచ్చిందా అన్నది బ్యాచ్ బ్యాచ్‌కీ చూడాలి. కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ లాంటి వాటిలో పీజీ చేసి, ఆహార పరీక్షల్లో మూడేళ్ల అనుభవం తెచ్చుకుంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫుడ్ ఎనలిస్ట్ పరీక్షకు కూర్చోవచ్చు.

సొంతంగా ట్యాంకులు కట్టిద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట. పెంచడం నేర్చుకోవచ్చు, అమ్మడమే అసలు పని. మీరు పెంచండి, మేం కొంటాం అనే బైబ్యాక్ మాటలు విని ఈము పక్షుల్లో డబ్బు పోగొట్టుకున్న రైతులు మన దగ్గర ఇంకా ఉన్నారు. ట్రైనింగ్ ఫీజు కట్టేముందు, ఆ కంపెనీ కొన్న పొడిని తిరిగి ఎవరికి అమ్ముతోందో ఇన్‌వాయిస్‌తో సహా చూపించమనండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు అడగండి. పాత బ్యాచ్ ఒకదాని ల్యాబ్ రిపోర్టు తెప్పించుకుని కెమిస్ట్రీ తెలిసినవాళ్లతో చదివించండి. ఇందులో ఏది అడిగినా తర్వాత చూద్దాం అన్నారంటే, బయానా ఇవ్వకుండా లేచి వచ్చేయండి.